పేపర్ మిల్లులో మెషిన్ మీద ఆపరేటర్‌గా చేరవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేశారు, ఒక పేపర్ మిల్లులో ట్రైనీ మెషిన్ ఆపరేటర్‌గా రమ్మన్నారు, అది కేవలం బటన్లు నొక్కే పనా, చేతులు పోగొట్టుకొనే పనా, పదేళ్ళ తరువాత కూడా మిగిలి ఉండే పనా అన్నది మీ సందేహం. వేరు వేరు ఊళ్ళలో రెండు మిల్లుల్లో కలిపి నేను 29 సంవత్సరాలు పనిచేశాను. తయారైన కాగితం చుట్టుకొనే రీల్ దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టి, డ్రైయర్ సెక్షన్‌లో పనిచేసి, మెషిన్‌మన్‌నై, చివరి తొమ్మిదేళ్ళు షిఫ్ట్ ఫోర్‌మన్‌గా ఉండి విరమించాను. నా జవాబు ముందే చెబుతాను: చేరండి. అయితే ఇది కాగితం పని అనుకొని కాకుండా నీళ్ళ పని అనుకొని చేరండి, ఎందుకంటే మీరు నేర్చుకోవలసినదీ, మీరు భయపడవలసినదీ, మీ మెషిన్ ఎందుకు ఆగిందో చెప్పేదీ అన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి.

మెషిన్ మొదట్లో హెడ్‌బాక్స్ అనే పెట్టె నుంచి వైర్ మీదికి దూకే పల్ప్‌ను, అంటే నీళ్ళలో కలిపిన పీచును, మొదటిసారి చూసినవాళ్ళు అది కాగితమవుతుందంటే నమ్మరు. మజ్జిగ మీద తేరిన నీటిలా పల్చగా ఉంటుంది. రాసుకొనే కాగితం తీసే మెషిన్ మీద అందులో పీచు సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు, తక్కినదంతా నీళ్ళే. వైర్ అన్న పేరు పాత రోజుల్లో కంచు తీగతో నేసినందువల్ల వచ్చింది. ఇప్పుడది ప్లాస్టిక్ పోగుతో నేసిన సన్నని జల్లెడ గుడ్డ. ఆ గుడ్డ చివరకు చేరేసరికి షీట్‌లో పీచు దాదాపు 20 పాళ్ళకు చేరుతుంది, ప్రెస్ రోల్స్ మధ్య పిండాక 40 నుంచి 45 పాళ్ళవుతుంది, డ్రైయర్లన్నీ దాటి రీల్ దగ్గరకు వచ్చేటప్పటికి 95 పాళ్ళు పీచూ ఇతర పదార్థాలూ, 5 పాళ్ళు తడి మిగులుతాయి. ఒక కిలో పీచుకు లెక్క వేసి చూడండి. మొదట్లో దానితో నూరు కిలోలకు పైగా నీళ్ళుంటే వైర్ దాటేసరికి 4 కిలోలూ, ప్రెస్ దాటేసరికి కిలోన్నర లోపూ మిగులుతాయి. ఆ చివరి కిలోన్నరను ఆవిరితో ఆరబెట్టాలి, ఖర్చంతా అక్కడే. ప్రెస్ దగ్గర ఒక్క పాలు ఎక్కువ పిండగలిగితే డ్రైయర్ల ఆవిరిలో సుమారు 4 శాతం మిగులుతుందని మా తరం నేర్చుకొన్న లెక్క, అది ఇప్పటికీ నిలిచే లెక్కే. అందుకే ఫెల్ట్‌ను, అంటే ప్రెస్‌లో షీట్ నీళ్ళు పీల్చే మందపాటి బట్టను, కడిగే షవర్ల నాజిల్ ఒకటి మూసుకుపోయినా మంచి మెషిన్‌మన్ దాన్ని చిన్న విషయంగా తీసుకోడు. ఆ నాజిల్ కింద ఫెల్ట్ మురికితో పూడుకుపోతుంది, ఆ పట్టీలో నీళ్ళు పీల్చదు, రీల్ మీద సరిగ్గా ఆ వెడల్పులో తడి గీత కనిపిస్తుంది. డ్రైయర్‌లో ఆవిరి పెంచి ఆ గీతను పోగొట్టడానికి ప్రయత్నించేవాడు మిగతా షీట్ అంతటినీ ఎండబెట్టి పెళుసు చేస్తాడు.

మీరు చేరిన మొదటి నెలలో ఎవరూ పెద్దగా పని చెప్పరు. ఆ రోజుల్లో వైర్ పక్కన నిలబడి ఒక్క విషయం గమనించడం అలవాటు చేసుకోండి. హెడ్‌బాక్స్ నుంచి వైర్ చివరనుండే కౌచ్ రోల్ వైపు చూస్తే పల్ప్ మొదట అద్దంలా మెరుస్తూ ఉంటుంది, కొంత దూరం పోయాక ఒక చోట ఆ మెరుపు పోయి తెల్లగా, మసకగా మారుతుంది. ఆ రెంటి మధ్య అడ్డంగా ఉండే సరిహద్దును డ్రైలైన్ అంటారు. అది రోజూ ఎక్కడ ఉంటుందో తెలిసినవాడికి మెషిన్ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. డ్రైలైన్ కౌచ్ వైపు జరిగితే నీళ్ళు దిగడం నెమ్మదించిందని అర్థం: రిఫైనర్‌లో పీచును మరీ ఎక్కువ నూరి ఉండవచ్చు, పల్ప్ చల్లబడి ఉండవచ్చు, వైర్ కింద నుంచి నీళ్ళు లాగే వ్యాక్యూమ్ పడిపోయి ఉండవచ్చు. అది హెడ్‌బాక్స్ వైపు వెనక్కి జరిగితే పీచును తక్కువ నూరారనో, హెడ్‌బాక్స్‌లోకి నీళ్ళు తగ్గాయనో అనుకోవాలి. గీత తిన్నగా ఉండకుండా ఒక పక్క నాలుకలా ముందుకు సాగితే అక్కడ స్లైస్, అంటే హెడ్‌బాక్స్ నుంచి పల్ప్ బయటకు దూకే సందు, తెరుపు ఎక్కువైందని చూడాలి. నేను ఈ గీతను చదవడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది, నాకు నేర్పిన పెద్దాయన ఒక్కసారి కూడా కాగితం మీద గీసి చూపలేదు. ప్రతి షిఫ్ట్‌లోనూ నన్ను పక్కన నిలబెట్టి, రిఫైనర్ లోడ్ కొద్దిగా మార్చి, ఐదు నిమిషాలు ఆగి, గీత ఎంత జరిగిందో చెప్పమనేవాడు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. పాత రోజుల్లో మన మిల్లులు వెదురు ఎక్కువగా వాడేవి. వెదురు పీచు పొడుగు, తడి షీట్ లాగితే పట్టు ఉండేది. ఇప్పుడు సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కర్రతో నడుస్తున్నాము. ఈ కర్ర పీచు పొడవు వెదురు పీచులో దాదాపు సగమే. కాగితం నున్నగా, సమంగా వస్తుంది కాని వైర్ దాటి ప్రెస్‌కు వెళ్ళే చోటా, ప్రెస్ దాటి డ్రైయర్‌కు వెళ్ళే చోటా తడి షీట్ బలహీనంగా ఉంటుంది. కాబట్టి ఈ రోజుల ఆపరేటర్‌కు స్పీడ్ తేడాలు, అంటే ఒక సెక్షన్‌కూ తరువాతి సెక్షన్‌కూ మధ్య ఇచ్చే లాగు, పూర్వం కంటే సన్నగా సర్దవలసి వస్తుంది. లాగు చాలకపోతే షీట్ వదులై మడత పడుతుంది, ఎక్కువైతే అంచు చిట్లుతుంది.

చేతులు పోగొట్టుకొనే పనా అని అడిగారు కాబట్టి షీట్ తెగడం గురించి కొంత వివరంగా రాస్తాను. కాగితం మెషిన్ మీద ఆపరేటర్ పనితనం కనిపించేదీ ప్రమాదాలు ఎక్కువగా జరిగేదీ షీట్ తెగిన ఆ పదిహేను ఇరవై నిమిషాల్లోనే. షీట్ తెగగానే సైరన్ మోగుతుంది, వైర్ మీద పల్ప్ వస్తూనే ఉంటుంది, అది కౌచ్ పిట్‌లోకి పోతుంది, డ్రైయర్‌లో మిగిలిన కాగితం చుట్టుకుంటుంది, నలుగురూ నాలుగు వైపుల నుంచి పరుగెత్తుకు వస్తారు. ఉత్పత్తి పోతోందని కంట్రోల్ రూమ్‌లో ఫోన్ మోగుతుంది. తరువాత షీట్ అంచున జాన వెడల్పు పట్టీని, అంటే టెయిల్‌ను, నీటి జెట్‌తో వేరు చేసి, ప్రెస్‌లో అందించి, డ్రైయర్లలో తాళ్ళ మధ్య పట్టించి రీల్ దాకా నడిపించి, అక్కడ పట్టుకొన్నాక మెల్లగా పూర్తి వెడల్పుకు తెస్తారు. ఇది నేర్చుకోవలసిన విద్య, ఆరు నెలల్లో వస్తుంది.

ఆ సమయంలో చేయి పెట్టకూడని చోటు ఏదో మాత్రం మొదటి రోజే రావాలి. రెండు రోల్స్ కలిసి లోపలికి లాక్కొనే సందును నిప్ అంటారు. నిమిషానికి 600 మీటర్ల స్పీడ్ అంటే సెకనుకు 10 మీటర్లు. ప్రమాదం గమనించి చేయి వెనక్కి తీసుకోవడానికి పావు సెకను పడుతుందనుకొన్నా ఆ లోపల రెండున్నర మీటర్ల కాగితం సందులోకి వెళ్ళిపోతుంది. ఫుల్ స్పీడ్‌లో ఎవరూ చేయి పెట్టరు, అంత భయం అందరికీ ఉంటుంది. వేళ్ళు పోయేది మెషిన్ క్రాల్‌లో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు. నిమిషానికి 30 మీటర్లంటే కంటికి నడక కంటే నెమ్మది, కాని పావు సెకనులో అది కూడా 12 సెంటీమీటర్లు పోతుంది. అరచేతి పొడవు దాదాపు అంతే.

నా ఎడమ చేతి చూపుడు వేలికి చివరి కణుపు లేదు. నేను చేరిన నాలుగో సంవత్సరం, రాత్రి షిఫ్ట్, మూడు గంటలు దాటింది, రెండు గంటల్లో అది మూడో బ్రేక్, అంటే షీట్ తెగడం మూడోసారి. ఫెల్ట్‌ను కడగడానికి క్రాల్‌లో తిప్పుతున్నారు. ఫెల్ట్ రోల్ అంచున పిడికెడు తడి కాగితం ముద్ద అతుక్కుని తిరుగుతోంది, అది అలాగే ఉంటే ఫెల్ట్ మీద గుర్తు పడుతుందని నాకు తెలుసు. గాలి పైపుతో ఊదాలి, లేదా ఆపించి తీయాలి. నేను రెండూ చేయలేదు, రోల్ నా వైపు నుంచి బయటకు తిరుగుతోందనుకొని గ్లవ్ వేసుకొన్న చేత్తో గిల్లబోయాను. గ్లవ్ కొస ముద్దతో పాటు వెళ్ళింది. అవతలి పక్కనున్న తోటి కార్మికుడు పుల్‌కార్డ్, అంటే మెషిన్‌ను ఆపే తాడు, లాగాడు, లేకపోతే మణికట్టు దాకా పోయేది. అక్కడ గార్డ్ ఉండవలసింది, వారం ముందు ఫెల్ట్ మార్చినప్పుడు తీసి తిరిగి పెట్టలేదు, మేమంతా రోజూ దాన్ని చూస్తూనే తిరిగాము. ఆ తరువాత నా షిఫ్ట్‌లో గార్డ్ లేకుండా ఒక్క గంట కూడా మెషిన్ నడవనివ్వలేదు, అందుకు పై అధికారులతో మాటలు పడిన రోజులున్నాయి.

అందువల్ల రోల్‌కు చుట్టుకొన్న కాగితాన్ని కోయాలన్నా తీయాలన్నా మెషిన్ ఆగాలి, మోటార్‌కు తాళం పడాలి, ఆ తాళం చెవి మీ జేబులో ఉండాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు పడాలి, ఒకరి తాళం మీద మరొకరు ఆధారపడకూడదు. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి అది తిరగడం లేదని చూసుకొన్న తరువాతే లోపలికి అడుగు పెట్టాలి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి కట్టుకొన్న తాడు, ఉంగరం ఏవీ మెషిన్ దగ్గరకు రాకూడదు. మా అమ్మ కట్టిన తాడును నేను గేటు దగ్గర తీసి జేబులో పెట్టుకొనేవాడిని, మీరు కూడా అలాగే చేయండి.

వేళ్ళు పోవడం కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది, దాని గురించి కొత్తవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పరు. షట్‌డౌన్‌లో నాలుగైదు రోజులు పల్ప్ నిల్వ ఉంచే తొట్లలోనూ, అంటే చెస్ట్‌లలోనూ, పిట్‌లలోనూ, వైర్ నుంచి దిగిన నీళ్ళుండే వైట్‌వాటర్ ట్యాంకులలోనూ నిలిచిన పల్ప్ కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలి కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని లోపలికి దిగినవాడు మెట్ల మీదే కూలిపోతాడు. అతన్ని కాపాడాలని వెనకే దిగినవాడు కూడా కూలిపోతాడు. మన దేశంలో కాగితం మిల్లుల్లో ఒకేసారి ముగ్గురు నలుగురు చనిపోయిన సంఘటనలు చాలావరకు ఈ క్రమంలోనే జరిగాయి. లోపల గాలి పరీక్ష చేసి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదనీ విషవాయువు లేదనీ మీటర్ చూపి, పర్మిట్ మీద సంతకమై, బయట ఒక మనిషి తాడు పట్టుకొని నిలబడేదాకా చెస్ట్‌లోకి తల కూడా పెట్టవద్దు. లోపల ఎవరైనా పడిపోతే గాలి సిలిండర్ సెట్ లేకుండా దిగవద్దు. మీ ప్రాణస్నేహితుడే లోపల ఉన్నా ముందు అలారం మోగించి సెట్ తెప్పించండి. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా మీకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ఇక బటన్లు నొక్కే పనేనా అన్న ప్రశ్నకు వస్తాను. ఇప్పటి మెషిన్‌లలో చాలావరకు కంట్రోల్ రూమ్ నుంచే నడుస్తాయి. జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో), తేమ, మందం అన్నీ స్కానర్ కొలిచి స్క్రీన్ మీద చూపుతుంది, వాల్వ్‌లు తామే సర్దుకుంటాయి. నేను దానికి వ్యతిరేకిని కాను. చేత్తో జీఎస్‌ఎం పట్టుకొనే రోజుల్లో 70 జీఎస్‌ఎం కాగితం 67కూ 73కూ మధ్య ఊగేది, స్కానర్ వచ్చాక ఆ ఊగు బాగా తగ్గింది. కాని స్కానర్ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి అర నిమిషం పట్టిందనుకోండి, 600 మీటర్ల స్పీడ్‌లో ఆ లోపల 300 మీటర్ల కాగితం దాని కింద నుంచి వెళ్ళిపోతుంది. స్కానర్ చూసింది అందులో ఒక ఏటవాలు గీత మాత్రమే. అది చూడనిది మీరు చూడాలి. రీల్ దిగగానే అనుభవజ్ఞులు చిన్న కర్రతో ఈ చివర నుంచి ఆ చివరకు తట్టుకుంటూ పోతారు. బిగుతుగా చుట్టుకున్న చోట చెక్క మీద కొట్టినట్టు ఖణేల్‌మంటుంది, వదులుగా ఉన్న చోట దిండు మీద కొట్టినట్టు చప్పుడు మింగుతుంది. ఎక్కడ చప్పుడు మారిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, పైన స్లైస్‌లో ఆ స్థానం ఏదో చూసుకుంటారు. ఒక షీట్ చింపి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పీచు సమంగా పరుచుకొందో, మబ్బులు కట్టిందో తెలుస్తుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. న్యూస్‌పేపర్‌ను పై నుంచి కిందకు చించితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరలు పోతుంది. మెషిన్ పరుగెత్తే దిశలో పీచులు ఎక్కువగా పడుకోవడమే కారణం. హెడ్‌బాక్స్ నుంచి పల్ప్ దూకే వేగానికీ వైర్ వేగానికీ తేడా ఎంతో దాన్ని బట్టి ఆ పడుకోవడం ఎక్కువ తక్కువలవుతుంది. ప్రింటింగ్ ప్రెస్ నుంచి కాగితం చుట్టుకుపోతోందని ఫిర్యాదు వచ్చినప్పుడు మీరు మొదట వెతకవలసిన చోట్లలో అది ఒకటి.

ఒక బ్రేక్ వెనుక మరో బ్రేక్ ఎందుకు వస్తుందో కూడా స్క్రీన్ తనంతట తాను చెప్పదు. షీట్ తెగినప్పుడు పోగైన కాగితమంతా మళ్ళీ పల్ప్‌గా మారి, బ్రోక్ పేరుతో కొత్త పల్ప్‌లో కలుస్తుంది. మామూలుగా కలిపే పాలు కంటే ఒక్కసారిగా ఎక్కువ కలిపితే షీట్‌లోని సుద్ద, పిండి, పీచు నూరుడు అన్నీ మారిపోతాయి, నీళ్ళు దిగే తీరు మారుతుంది, తడి షీట్ బలం మారుతుంది, అరగంటలో మళ్ళీ తెగుతుంది. బ్రోక్ ట్యాంకు నిండిపోతోందన్న కంగారులో వాల్వ్ తెరిచేవాడు తరువాతి షిఫ్ట్‌కు మూడు బ్రేక్‌లు బహుమానంగా ఇచ్చి పోతాడు. ఇవన్నీ లాగ్ బుక్‌లో రాయాలి. ఏ గంటకు, ఏ సెక్షన్‌లో, ఏ అంచు నుంచి తెగింది, అంతకు ముందు అరగంటలో ఏమి మార్చారు అన్నవి రాస్తే నెల తిరిగేసరికి కారణం మీ కళ్ళ ముందుకు వస్తుంది. మా మెషిన్ మీద ఒకప్పుడు తెల్లవారుజామున ఒకే చోట రంధ్రం పడి తెగేది. రెండు వారాల పుస్తకం పక్క పక్కన పెట్టి చూస్తే, పాచిని అరికట్టే కెమికల్ డోసింగ్ ట్యాంకు రాత్రి రెండింటికి ఖాళీ అవుతున్నా ఎవరూ నింపడం లేదనీ, హెడ్‌బాక్స్ గోడలకు పట్టిన జిగట పాచి ఊడి షీట్‌లో పడుతోందనీ తేలింది.

వేడి గురించి, నిద్ర గురించి క్లుప్తంగా చెబుతాను. డ్రైయర్ పక్కన మే నెలలో నిలబడటం కష్టం, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. చెవులకు ప్లగ్‌లు మొదటి రోజు నుంచే వాడండి, నేను పదేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టి ఎడమ చెవి సగం పోగొట్టుకొన్నాను. మూడు షిఫ్ట్‌లూ వారం వారం మారుతుంటాయి, రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చాక గది చీకటి చేసుకొని పడుకోవడం ఇంట్లోవాళ్ళకు కూడా అలవాటు చేయాలి. ఓవర్‌టైమ్‌కు చట్టం రెట్టింపు వేతనం ఇవ్వమంటుంది, డబ్బు కోసం వరుసగా రెండు షిఫ్ట్‌లు చేయమని అడిగినా ప్రతిసారీ ఒప్పుకోవద్దు. నా వేలు పోయిన రాత్రి నాది రెండో షిఫ్ట్.

పని నిలుస్తుందా అన్నది ఎవరూ పూచీ పడి చెప్పగలిగేది కాదు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ తీసుకొని తెరిచేదాకా ఆ ఊరు ఎంత నలిగిందో అక్కడి బంధువుల ద్వారా నాకు తెలుసు. రాజమహేంద్రవరం మిల్లు 1924లో మొదలై, ప్రభుత్వం చేతికీ, ప్రైవేటు యాజమాన్యం చేతికీ, 2011లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ పేపర్ చేతికీ, ఆ తరువాత వెస్ట్‌కోస్ట్ పేపర్ చేతికీ మారినా నడుస్తూనే ఉంది. యాజమాన్యాలు మారినా మెషిన్ నడపడం తెలిసినవాడిని సాధారణంగా ఉంచుకుంటారు. రాసుకొనే కాగితానికి గిరాకీ తగ్గినా పెట్టెల అట్టకు గిరాకీ ఉంది, అట్ట తీసే మెషిన్ మీద కూడా ఇదే వైర్, ఇదే ప్రెస్, ఇదే డ్రైయర్. మీ ఫిట్టర్ చదువు ఇక్కడ అదనపు బలం. బేరింగ్ చప్పుడు, రోల్‌ను గీకి శుభ్రం చేసే డాక్టర్ బ్లేడ్ అరుగుదల, రోల్ అలైన్‌మెంట్ తెలిసిన ఆపరేటర్‌ను మెయింటెనెన్స్ వాళ్ళు గౌరవిస్తారు. వీలైనప్పుడు ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళ పక్కన కూర్చొని వాల్వ్‌లు తామే సర్దుకొనేలా చేసే కంట్రోల్ లూప్‌లు కూడా నేర్చుకోండి.

సంతకం పెట్టే ముందు మెషిన్ హాల్ ఒకసారి చూపించమని అడగండి, మంచి మిల్లు కాదనదు. లోపల నడుస్తూ నిప్‌ల దగ్గర గార్డ్‌లు ఉన్నాయో లేదో, అవి బోల్ట్‌లతో బిగించి ఉన్నాయో తీగతో కట్టి ఉన్నాయో చూడండి. డ్రైయర్ పక్కన పొడవునా పుల్‌కార్డ్ ఉందో, దాన్ని చివరిసారి పరీక్షించిన తేదీ రాసి ఉందో చూడండి. చెస్ట్‌లలోకి దిగేటప్పుడు వాడే గ్యాస్ మీటర్ ఎక్కడుందని షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్‌ను అడగండి. స్టోర్స్‌లో ఉంది, తాళం సార్ దగ్గర ఉంది అని చెబితే ఇంకో మిల్లు చూసుకోండి. చెయ్యి చాపి గోడ మీద చూపిస్తే చేరండి.